తూకం రాయి

ఆ వీధిలో ఎవరికైనా దారి చెప్పాలంటే "గుండెవాళ్ళింటి పక్కసందు" అనేవారు, తక్కిన ఇళ్ళలో ఎవరికీ గుండెలు లేనట్టు. ఆ ఇంటి చిన్నోడికి నెలల పిల్లాడుగా ఉండగానే పుట్టుకతో వచ్చిన గుండె తీసేసి ఇంకో గుండె పెట్టారు. అది ఎవరి బిడ్డదో తెలియదు. చెప్పకూడదని ఆస్పత్రి నియమం. ఎక్కడో ఒక తల్లి ఒడి ఖాళీ అయితే తన ఒడి నిలిచిందన్న సంగతి వాడి తల్లిని ముల్లులా గుచ్చుతూనే ఉండేది. అలా వచ్చిన దాన్ని జాగ్రత్త చేసుకోలేకపోతే ఇచ్చినవాళ్ళకి ఏ మొహంతో జవాబు చెప్పాలని ఆమె బెంగ.

ఆమె ఇంట్లోనే కర్టెన్లు, దిండు గలీబులు కుట్టే టైలరు. గుమ్మం పక్కన కుళాయి పెట్టించింది. గుడ్డ తెచ్చినవాళ్ళు అక్కడ చేతులు కడుక్కుని, కడిగిన చేతులు ఆమెకు చూపించి, గడప అవతలే నిలబడి కొలతలు చెప్పాలి. ఆ గుడ్డ ఒక పూటంతా ఎండలో ఆరితే గానీ మిషను ఎక్కదు. అయినా జనం వచ్చేవారు, ఎందుకంటే ఆమె కుట్టిన కుచ్చు ఎక్కడా వంకర పోదు. ఆమె ఇంట్లో ఏదీ వంకర పోవడానికి వీల్లేదు.

ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు నర్సు ఒక మాట చెప్పింది. కొత్త గుండెను ఒళ్ళు తోసెయ్యకుండా ఇచ్చే మందు ఒంట్లోని కాపలావాణ్ణి కూడా జోకొడుతుంది, అందుకని కొన్నాళ్ళు జనంలో తిప్పొద్దు, పెద్దపిల్ల జలుబు మోసుకురాకుండా చూసుకోమంది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో నర్సు చెప్పలేదు, ఈమె అడగలేదు. ఆ కొన్నాళ్ళు ఆరేళ్ళు సాగాయి. మధ్యలో ఒకరిద్దరు డాక్టర్లు "ఇప్పుడంత భయం అక్కర్లేదమ్మా" అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషికి నాలుగో కాలు డాక్టరు చూపించినా కనపడదు.

ఆ పెద్దపిల్లను ఇంట్లో "పెద్దది" అనేవారు. తమ్ముడి కంటే రెండేళ్ళే పెద్ద గానీ, వాడికి గుండె మార్చిన రోజు నుంచీ ఆ పిల్ల పెద్దదైపోయింది. ఏడవదు, మారాం చెయ్యదు, పెట్టింది తింటుంది. సాయంత్రం బడి నుంచి రాగానే గడప దగ్గర ఆపి తల్లి ఒకే ప్రశ్న అడిగేది.

"ఇవాళ క్లాసులో ఎవరు దగ్గారు?"

ఎవరూ దగ్గకపోతే లోపలికి రావచ్చు. ఎవరైనా దగ్గితే స్నానం చేసి రావాలి, మర్నాడు బడి బంద్. ఎక్కువగా దగ్గేది బెంచీ చివర కూర్చునే ఒక బొద్దబ్బాయి. వాడి దగ్గుకు వేళాపాళా లేదు. ఒక్కోసారి వారమంతా దగ్గేవాడు. వాళ్ళ అమ్మానాన్నలకి పిల్లాణ్ణి డాక్టరుకు చూపించాలన్న ఇంగితం లేదా అని తల్లి మండిపడేది. పెద్దది మాత్రం నోరెత్తకుండా సంచీ మూల పెట్టి, వంటింట్లో గిన్నెలు సర్దేది. "మా పెద్దది బంగారం. తమ్ముడి కోసం బడి కూడా మానుకుంటుంది" అని తల్లి వీధి వీధంతా చెప్పుకునేది.

తండ్రి లిఫ్టు మెకానిక్కు. నెమ్మదైన మనిషి. ఇంట్లో గొంతులు లేచే సమయానికి ఊళ్ళో ఎక్కడో ఒక లిఫ్టు తప్పకుండా ఆగిపోయేది, ఆయన సంచీ భుజానేసుకుని బయల్దేరేవాడు.

ఇలా ఉండగా ఆస్పత్రి నుంచి పెద్ద డాక్టరు కబురు పెట్టాడు. చిన్నోడికి గుండె పెట్టింది ఆయనే. ఆయన గది గోడ నిండా ఆయన బతికించిన పసిపిల్లల ఫొటోలు, ప్రతి ఫొటోలోనూ ఆయన. పిల్లలు మారతారు, నవ్వు మాత్రం ఒకటే. ఇప్పుడాయన పరిశోధన మొదలుపెట్టాడు. పసితనంలోనే గుండె మార్చిన పిల్లలకి పెరిగాక బుద్ధి, మాట, చేతిపని మిగతా పిల్లల్లాగే వస్తున్నాయా, వెనకబడుతున్నాయా అన్నది చూడాలట. ఆస్పత్రిలో రోజుల తరబడి మిషన్ల మీద బతికిన పసిబుర్రలు ఏమయ్యాయో తెలుసుకోవడం అవసరమే. ప్రశ్నకి వంక పెట్టడానికి లేదు. వచ్చిన తంటా అంతా జవాబు ఆయనకి ముందే తెలిసిపోవడం వల్ల వచ్చింది.

"ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే తిండి. అందుకని ఆ ఇంట్లోనే పెరిగిన అక్కో అన్నో ఉంటే పక్కన పెట్టి పోలుస్తాం. తేడా వస్తే గుండె వల్ల వచ్చినట్టు, రాకపోతే మనం గెలిచినట్టు" అన్నాడు డాక్టరు. పరిశోధనలో చేరిన కుటుంబాలకి ఆస్పత్రిలో క్యూ ఉండదని కూడా చెప్పాడు. నేరుగా ఆయన గదికే రావచ్చు. ఆ మాటతో తల్లి కళ్ళు చెమర్చాయి. జ్వరం వచ్చిన బిడ్డను భుజాన వేసుకుని ఆ క్యూలో నిలబడ్డ మనిషికే తెలుస్తుంది దాని విలువ.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. "మనవాణ్ణి పెద్దదాంతో తూచి చూస్తారటండీ."

"అంటే ఇది తూకం రాయా?" అన్నాడు మెకానిక్కు. ఆ మాటకి చిన్నోడితో సహా ముగ్గురూ నవ్వారు. పెద్దది కూడా నవ్వింది, అందరూ నవ్వుతున్నారు కదా అని.

తల్లి చిన్నోణ్ణి పరీక్షకి తయారుచేసిన తీరు చూస్తే పెద్ద పెద్ద ఉద్యోగాల పరీక్షలకి కూర్చునేవాళ్ళు సిగ్గుపడాలి. రంగులు, ఆకారాలు, నెలల పేర్లు, జంతువుల అరుపులు అన్నీ వల్లె వేయించింది. మిషను తొక్కుతూనే "గుండ్రం కానిదేది?" అని అరిచేది. పెద్దదాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. రాయికి ప్రిపరేషను దేనికి?

పరీక్ష రోజున గదిలో ఒక చిన్న బల్ల, రెండు చిన్న కుర్చీలు, చెక్క ముక్కలు, బొమ్మల పుస్తకం ఉన్నాయి. పరీక్ష పెట్టేది ఇరవై దాటిన ఒక అమ్మాయి, పిల్లల మనస్తత్వం చదువుకున్నది. అందరూ ఆమెను పరీక్షలమ్మాయి అనేవారు. తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి తల్లి తొంగి చూస్తూ, వినపడని జవాబులన్నీ తన పెదాలతో చెప్పింది. లోపల చిన్నోడికి చెమట పట్టలేదు గానీ బయట ఆమె జాకెట్టు తడిసిపోయింది.

చిన్నోడు కూర్చోగానే పరీక్షలమ్మాయిని అడిగాడు. "చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నానమ్మా."

"నేను చూళ్ళేదు. మళ్ళీ కడుక్కో."

ఆ అమ్మాయి లేచి మళ్ళీ కడుక్కుంది. చెక్కముక్కలతో గోడ కట్టమంటే "నువ్వు కట్టు, బాగుందో లేదో నేను చెప్తా" అన్నాడు. పుట్టుకతోనే సూపర్వైజరు. మాటల్లో మాత్రం వాడికి తిరుగులేదు.

తర్వాత పెద్దదాన్ని పిలిచారు. అప్పుడు తల్లి అద్దం దగ్గర లేదు. చిన్నోడి చేతులు తుడుస్తోంది. ఆ పిల్ల లోపలికెళ్ళిన సంగతీ, చాలాసేపు రాని సంగతీ కూడా ఆమె గమనించలేదు.

చివరికి పరీక్షలమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"బాబు బాగా చేశాడండీ. చూసి చేత్తో చేసేవాటిలో, అంటే బొమ్మ గియ్యడం, ముక్కలు పేర్చడం లాంటి వాటిలో కాస్త వెనకున్నాడు. ఈ పిల్లల్లో అది కొంచెం ఉంటుంది. రోజూ చేయిస్తే సర్దుకుంటాడు. నేను పాప గురించి మాట్లాడాలి."

"పాపకేమైంది? దానికి జబ్బేం లేదే."

"జబ్బు లేదు. చదవడం రావట్లేదు."

"సిగ్గుపడి ఉంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల."

"సిగ్గు కాదండీ. అక్షరాలు విడివిడిగా గుర్తుపడుతోంది, కలిపి చదవలేకపోతోంది. ఒత్తు కనపడితే ఆగిపోతోంది. మూడో తరగతి కదా. తెలివికేం తక్కువ లేదు. ఎవరూ దగ్గర కూర్చోబెట్టుకోలేదంతే."

ఆ "ఎవరూ" అన్న మాట తల్లికి చురుక్కుమంది. నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల, ఒక్క బిడ్డను ఎత్తి ఎరగని పిల్ల, చావు నోట్లోంచి కొడుకును లాక్కొచ్చిన తనకి పెంపకం నేర్పుతుందా? దారంతా గొణుక్కుంది. ఇంటికొచ్చాక పైకే తిట్టింది. మొగుడు గొంతు సవరించుకుని "బడికెళ్ళి ఒక్కమాట అడిగితే పోదూ" అన్నాడు. ఆమె అటు తిరిగేసరికి ఎక్కడో లిఫ్టు ఆగిపోయింది.

ఆ పరీక్షలమ్మాయిది అబద్ధమని తేల్చుకు రావడానికే ఆమె మర్నాడు బడికి వెళ్ళింది. క్లాసు టీచరమ్మ వరండాలో నిలబడి మాట్లాడింది.

"వస్తే కదండీ చదువు రావడానికి. మీ అమ్మాయి వచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. మీరే మాన్పిస్తున్నారు కదా, తమ్ముడికి బాగోదని."

"నేనెందుకు మాన్పిస్తానండీ ఊరికే. మీ క్లాసులో దగ్గులు ముందు చూసుకోండి. ఆ బెంచీ చివరి బొద్దబ్బాయి, పోయిన వారమంతా దగ్గుతూనే ఉన్నాడట."

టీచరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "వాడా? వాళ్ళ నాన్నకి బదిలీ అయి వాడు ఈ ఊరు వదిలి ఏడాది దాటింది కదండీ."

ఊరు వదిలిపోయిన పిల్లాడు ఏడాదిపాటు ఆమె ఇంట్లో దగ్గుతూనే ఉన్నాడన్నమాట. వాడి దగ్గుకి ఆమె ఎన్ని శాపనార్థాలు పెట్టిందో, ఎన్ని దుప్పట్లు ఉడకబెట్టిందో. పాపం, వాడికి ఎక్కడో ఎక్కిళ్ళు వచ్చే ఉంటాయి.

పెద్దదాన్ని వెంటబెట్టుకుని ఇంటికి నడిచింది. ఈ అబద్ధానికి వీపు పగలగొట్టాలన్నంత కోపంగా ఉంది. సగం దారిలో ఆగి అడిగింది.

"ఆ బొద్దబ్బాయి వెళ్ళిపోయాడంట కదే. మరి దగ్గిందెవరు?"

పిల్ల చెప్పుల వంక చూసుకుంది. "ఎవరూ దగ్గలేదు. మర్నాడు పాఠం పైకి చదవాలి అంటారు. నాకు రాదు. నవ్వుతారు."

"నాకు చెప్పొచ్చు కదా?"

"నువ్వు తమ్ముడికి మందు వేస్తున్నావు."

"అప్పుడు కాకపోతే తర్వాత చెప్పాలి."

"తర్వాత కూడా వేస్తున్నావు."

ఆ మాటలో ఫిర్యాదు లేదు. మీ ఇల్లెక్కడంటే ఫలానా చోటని చెప్పినట్టు చెప్పింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగకుండా ఉన్నందుకే ఈ పిల్లను బంగారమని మెచ్చుకున్న అమ్మకి ఏం పేరు పెట్టాలో సామెతలు కట్టినవాళ్ళకి తోచినట్టు లేదు. తల్లి ఎత్తిన చెయ్యి కిందికి దిగింది. ఒక మూసిన కొట్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆరేళ్ళలో చిన్నోడి కోసం కాకుండా ఆమె ఏడవడం అదే మొదటిసారి. పెద్దది భయపడి "దగ్గారమ్మా, ఎవరో దగ్గారు" అంది, అలా అంటే ఏడుపు ఆగుతుందేమోనని.

కొన్ని వారాలకి పెద్ద డాక్టరు కుటుంబాలందరినీ ఆస్పత్రి హాలుకి పిలిచాడు. గుండె మార్చిన పిల్లలు ముందు వరసలో తల్లుల ఒళ్ళలో ఉన్నారు. ఒకడు మైకు లాగుతున్నాడు, ఒకత్తి చెప్పులు విసురుతోంది. చివరి వరసలో అక్కలూ అన్నలూ చేతులు కట్టుకుని, చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. అంత బుద్ధిమంతులైన పిల్లల్ని ఒకేచోట చూడటం ఎక్కడా జరగదు. చూస్తే భయం వేసేలా ఉంది.

తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి గుండె పిల్లలది, ఇంకోటి తోబుట్టువులది. రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని నడిచాయి.

"చూడండి, తేడా లేదు" అన్నాడు డాక్టరు. హాలంతా చప్పట్లు. ఆయన ఫొటోల్లో నవ్వే నవ్వు నవ్వాడు. గోడవారన నిలబడ్డ పరీక్షలమ్మాయి మాత్రం నేల చూపులు చూస్తోంది.

తల్లి లేచి నిలబడింది. తన చర్మం ఒలిచి చెప్పులు కుట్టించినా ఆ డాక్టరు ఋణం తీరదని ఆమెకు తెలుసు.

"సార్, ఒక్క మాట. గీతలు కలిసింది చిన్నవాళ్ళు పైకెక్కినందుకేనా? మా ఇంట్లో పెద్దది కిందికి దిగింది సార్. నేనే దింపాను. తూకం రాయి అరిగిపోతే ఎంత తక్కువ తూగినా సరిపోయినట్టే కనపడుతుంది."

ముందు వరస తల్లులు ఒక్కొక్కరే మెడ తిప్పి వెనక వరస వంక చూశారు.

డాక్టరు మంచిగానే నవ్వాడు. "మీ అమ్మాయి మాకు పేషెంటు కాదమ్మా, కంట్రోలు. పోలిక కోసం."

"సరే సార్. దానికి చదువు నేర్పించుకుంటాను."

"తొందరపడకండి. రెండేళ్ళకి మళ్ళీ ఇవే పరీక్షలున్నాయి. ఇప్పుడు ప్రత్యేకంగా ఏదైనా నేర్పిస్తే పోలిక చెడిపోతుంది. అప్పటిదాకా ఎలా ఉన్న పిల్లను అలా ఉంచండి."

ఊరగాయ జాడీని ఎండ తగలకుండా ఉంచమన్నంత తేలిగ్గా అన్నాడు. కొత్త గుండెలు పెట్టగల చేతులున్న మనిషే గానీ, జాలి పడాల్సిన చోటు ఎప్పుడూ ఛాతీలోనే ఉంటుందనుకునే అలవాటు ఆయనది.

"అయితే దాని పేరు కొట్టెయ్యండి సార్."

"జంట విడదీస్తే లాభం లేదమ్మా. బాబు పేరు కూడా పోతుంది. మళ్ళీ క్యూలో రావాలి మరి. ఆలోచించుకోండి."

ఆ క్యూ ఆమె కళ్ళ ముందు కదిలింది. చంకనున్న చిన్నోడు ఆమె గాజులతో ఆడుకుంటున్నాడు. వాడి వీపు మీద చెయ్యి వేస్తే లోపల ఎవరి బిడ్డదో గుండె టకటకా కొట్టుకుంటోంది. ఏ తల్లయినా ఇంకేం చూసుకోవాలి? చివరి వరసలోంచి పెద్దది, అమ్మ లేచి నిలబడితే ఏదో తప్పు జరిగిందనుకుని, తనూ లేచి నిలబడింది.

"ఇద్దరివీ కొట్టెయ్యండి" అంది తల్లి.

డాక్టరు కొట్టేశాడు. ఒక జంట తగ్గినా గీతలు ఇసుమంతైనా కదల్లేదట.

ఆనాటి నుంచి సాయంత్రాలు గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెద్దది పుస్తకం తెరిచేది. తల్లి చిన్నోడి మందుల పని మొగుడికి అప్పజెప్పింది. ఊళ్ళో లిఫ్టులన్నీ ఉన్నట్టుండి బాగుపడిపోయాయి. పరీక్షలమ్మాయి సెలవు రోజున వచ్చి ఒత్తులు ఎలా చెప్పాలో చూపించి వెళ్ళింది. వచ్చినప్పుడు చేతులు కడుక్కోబోతే తల్లి "ఫరవాలేదు, రా అమ్మా" అంది. గడప దగ్గరి ప్రశ్న కూడా మారింది. "ఇవాళ ఏం చదివారు?" అని అడుగుతుంటే ఆమెకే ఎవరి గొంతో విన్నట్టుండేది. దగ్గుల సంగతి అడగాలని నాలుక పీకేది. అడగలేదు. పిల్ల రోజూ బడికి వెళ్ళింది.

బడికి వెళ్ళే పిల్లలు తెచ్చేదే పెద్దదీ తెచ్చింది. ముందు దానికి జలుబు, రెండు రోజులకి చిన్నోడికి జ్వరం. తల్లి పొద్దున్నే పిల్లలిద్దర్నీ తీసుకుని ఆస్పత్రి క్యూలో నిలబడింది. ముందు పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, వెనక కూడా పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. క్యూ జరుగుతున్నట్టు కనపడుతుందే గానీ జరగదు.

పెద్దది ఆమె కొంగు పట్టుకుని మెల్లగా అంది. "నేనే తెచ్చానమ్మా. ఇంక వెళ్ళనులే."

వద్దు, వెళ్ళకు, వాడు బాగుంటే చాలు అనే మాట తల్లి నోటిదాకా వచ్చింది. అది మింగడం ఆమెకి ఎంత కష్టమైందో చెప్పలేం. "పిల్లలన్నాక జలుబు తెస్తారు. రేపు బడికి వెళ్తావు" అంది.

క్యూ మలుపు తిరిగిన చోట గోడకి పెద్ద పోస్టరు అంటించి ఉంది. పెద్ద డాక్టరు ఫొటో, ఆయన నవ్వు, రెండు గీతలు, వాటి కింద పెద్ద అక్షరాలు. పెద్దది మెడ ఎత్తి చూసింది. వేలు గాల్లో పెట్టి ఒక్కొక్క అక్షరమే పట్టుకుంది.

"గుం...డె. గుండె. మా...ర్... మార్చి...న. పి...ల్...ల..."

వెనకాయన దగ్గాడు. ముందు జాగా ఖాళీ అయింది. డ్యూటీ నర్సు తలుపు దగ్గర్నుంచి పిలిచింది. "రండమ్మా, తర్వాత మీరే. త్వరగా."

"పిల్లలు. తో...బు..." పెద్దది అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. "తోబుట్టువులంటే ఎవరమ్మా?"

"నువ్వే."

పిల్ల మళ్ళీ పోస్టరు వంక తిరిగింది, తన గురించి ఏం రాశారో చూద్దామని. "తో...బు...ట్టు...వు..."

చిన్నోడు భుజం మీద కాళ్ళు కొట్టుకున్నాడు. "పద అమ్మా. అక్క తర్వాత చదువుకుంటుంది. నాకు గుండె ఉంది కదా, ముందు నన్ను చూడాలి."

"అక్కకీ ఉంది. ఆగు" అంది తల్లి.

నర్సు మళ్ళీ పిలిచింది. వెనకున్నవాళ్ళు గొణిగారు. తల్లి బిడ్డ వేడి ఒంటిని గుండెకి హత్తుకుని, కదలకుండా నిలబడింది. పెద్దది వేలు ఇంకాస్త పైకెత్తి చివరి మాట మొదలుపెట్టింది.

"స...మా..."